నూట ఇరవయ్యో వాయిదా

రాజ్యాలు కూలడానికి చరిత్రకారులు వెయ్యి కారణాలు చెబుతారు గాని, ప్రభుత్వ కార్యాలయంలో కుర్చీ కుంటడానికి కారణం ఎక్కడైనా ఒక్కటే: దాన్ని బాగుచేయించమని రాసుకున్న అర్జీని ఎవరో నాలుగు మడతలు పెట్టి పక్క కుర్చీ కాలి కింద దోపి ఉంటారు. ఈ సనాతన సత్యం గురువారం మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు, పెల్టియర్ కౌంటీ భవనం రెండో అంతస్తులో, హార్టెన్స్ ప్రైబిల్‌కు స్వానుభవం మీద బోధపడింది. కుర్చీ ఆమె ప్రతి ప్రశ్నకూ ఎడమకు ఒరిగి, ప్రతి జవాబుకూ కుడికి ఒరుగుతున్నది. ముప్ఫై ఏళ్లు బీమా కంపెనీలో దొంగ క్లెయిములు పట్టి, అరవై మూడో ఏట సొంతంగా పరిశోధన దుకాణం తెరిచిన మనిషికి కుంటి కుర్చీ ఒక లెక్క కాదు. ఎదురుగా కూర్చున్న నర్సు మాత్రం లెక్కే.

"చివరిసారి అడుగుతున్నాను. ఈ సంతకం ఎవరిది?" అన్నది ప్రైబిల్.

"చివరిసారి చెబుతున్నాను. కౌంటీ క్లర్కు నార్బర్ట్ ట్వీటెన్‌ది," అన్నది జోలీన్ మెటాక్సిన్. "మీ ఫీజు గంటల లెక్కనా, ప్రశ్నల లెక్కనా?"

"గంటల లెక్కన."

"అందుకే అడిగిందే అడుగుతున్నారు."

జోలీన్ కౌంటీ ఆరోగ్యశాఖలో పదేళ్లుగా ఇంటింటికీ తిరిగే నర్సు. చదువుకోసం చేసిన అప్పులో ఆమె తలమీద ఇంకా అరవై ఎనిమిది వేల డాలర్లు ఉన్నాయి. పదేళ్లు ప్రజాసేవలో ఉండి నూట ఇరవై నెలవాయిదాలు కట్టినవారికి మిగిలిన అప్పును సర్కారు మాఫీ చేస్తుంది. చేయడానికి ముందు, ఈమె మా ఉద్యోగే అని కౌంటీ క్లర్కు స్వహస్తంతో సంతకం పెట్టిన ఫారం ఒకటి అడుగుతుంది. వాయిదాలను పాత పద్ధతిలో లెక్కించడం ఈ సాయంత్రం అయిదింటితో సరి. రేపటినుంచి కొత్త నిబంధనలు. వాటి ప్రకారం జోలీన్ నూట ఇరవైలో ఇరవై రెండు నెలలు గాలిలో కలిసిపోతాయి. ఆమె ఫారం మాత్రం ప్లాస్టిక్ సంచిలో, కౌంటీ తనిఖీ అధికారి సంకలో ఉన్నది. దానిమీది సంతకం ఫోర్జరీ అని ఆయన తేల్చాడు. నాలుగింటికి షెరీఫ్ మనిషి వచ్చి ఆమెను తీసుకుపోతాడు. ప్రైబిల్‌ను కుదుర్చుకున్నది నర్సుల సంఘం, జోలీన్ కాదు. ఆ సంగతి జోలీన్ ఇప్పటికి రెండుసార్లు గుర్తుచేసింది.

"అందరి ఫారాలూ ఆఫీసు ద్వారానే పోతాయి కదా. నువ్వే నేరుగా క్లర్కు దగ్గరికి ఎందుకు వెళ్లావు?"

"ఎందుకంటే నాకు చదవడం వచ్చు కాబట్టి. ఉద్యోగంలో చేరినప్పుడు ఒక పథకంలో చేర్పించారు. మూడేళ్లకి అది తప్పు పథకం అన్నారు, మారాను. మహమ్మారి కాలంలో వాయిదాలు కట్టక్కర్లేదు, అయినా లెక్కలోకొస్తాయన్నారు. తర్వాత రావన్నారు. మళ్లీ వస్తాయన్నారు. ఇంకో మంచి పథకం పెట్టారు, అందులో చేరిన నెలకి కోర్టు దాన్ని ఆపేసింది. అప్పు వసూలు చేసే కంపెనీ నాలుగుసార్లు మారింది, మారిన ప్రతిసారీ నా పేరు తప్పే. పిల్లల టీకాల పట్టిక ఇంత తరచుగా మారిస్తే ఈపాటికి సగం కౌంటీ తట్టుతో పోయేది, ప్రైబిల్ గారూ. ఈ వసంతంలో కొత్త సూచన వచ్చింది: అధికారి తన చేత్తో, సిరాతో పెట్టిన సంతకమే చెల్లుతుందని. నేను ఇంక ఎవర్నీ నమ్మదలుచుకోలేదు. వెళ్లి నా కళ్లముందే పెట్టించుకున్నాను."

"ఎక్కడ?"

"శుక్రవారం చేపల వేపుడు విందు దగ్గర. మాజీ సైనికుల హాల్లో. ఏడు గంటల ఇరవై నిమిషాలకి."

"సాక్షులు?"

"నూట యాభై మంది. అందరూ చేపని చూస్తున్నారు."

ట్వీటెన్ అప్పటికి మూడో బ్రాందీ మీద ఉన్నాడట. పళ్లెం పక్కకు జరిపి, ఫారం పరిచి, నర్సు ఇచ్చిన పెన్నుతో సంతకం గీసి, "సరేనా, ఇంక తిననిస్తావా" అన్నాడట. సోమవారం ఉదయం జోలీన్ దాన్ని ఆఫీసులో పంపే కాగితాల తట్టలో వేసింది. మంగళవారానికి అది తనిఖీ అధికారి చేతికి చిక్కింది. బుధవారానికి ట్వీటెన్ దాన్ని చూసి, నాది కాదు అన్నాడు.

"మీరు నన్ను నమ్ముతున్నారా?" అన్నది జోలీన్.

"నమ్మడానికి ఇచ్చే ఫీజు వేరు," అన్నది ప్రైబిల్ లేచి నిలబడుతూ. కుర్చీ కృతజ్ఞతతో కుడికి ఒరిగింది.

గుమ్మంలో లైల్ వోస్‌బర్గ్ నిలబడి ఉన్నాడు. తనిఖీ అధికారి అన్న బిరుదును మహాచక్రవర్తులు కిరీటాన్ని ధరించినట్టు ధరించే మనిషి ఆయన. పన్నెండేళ్లు బీమా కంపెనీలో ప్రైబిల్ పక్క బల్ల దగ్గర కూర్చుని, ఆమె రాసిన నివేదికల అడుగున తన పేరు రాసుకుని, ఆ పేరు బలంతో పైమెట్టు ఎక్కి, అక్కడనుంచి కౌంటీ కొలువులోకి దిగాడు. రాత్రి కళాశాలలో లా కూడా చదివాడు. చదివిన సంగతి వినని వారు కౌంటీలో లేరు.

"హార్టెన్స్. నువ్వింకా ఈ వృత్తిలోనే ఉన్నావా? నిన్ను ముసలాళ్ల బింగో ఆటల దగ్గర వెతుకుతున్నారని విన్నానే."

"అక్కడా నువ్వే దొంగాట ఆడావని చెప్పారు, లైల్. ఫారం చూపించు."

"చూడు, ముట్టుకోకు." ఆయన సంచిని ఆమె ముక్కుకు జానెడు దూరంలో ఆడించాడు. సంతకం పెద్దది, వంకరది, గడి దాటి పక్క గీతమీదికి పాకింది. తేదీ గడి ఖాళీ. కింది మూలన నూనె మరక. "బీరువాలో ట్వీటెన్ సంతకాలు రెండు వందల పన్నెండున్నాయి. బడి టీచర్లవి, లైబ్రరీవాళ్లవి, అగ్నిమాపకం వాళ్లవి. ఏడేళ్లవి. అన్నీ ఒక్క అచ్చులో పోసినట్టుంటాయి. ఇదొక్కటే కాకి గీతలు. ఇంకేం కావాలి నీకు?"

"బీరువా తాళం."

"తీసుకో. లెక్కపెట్టుకో. నాలుగింటివరకు నీకు పొద్దుపోవాలి కదా."

ద్వేషంలో ఉదారత కలిసినప్పుడు మనిషి ఎంత అజాగ్రత్తగా ఉంటాడో ప్రైబిల్‌కు తెలుసు. తాళం అందుకుని ఆమె గడియారం చూసింది. రెండు గంటల ముప్ఫై అయిదు.

క్లర్కు గదికి బయటిగది ఒకటి. అందులో క్లర్కు సహాయకురాలు వెర్నా ప్లౌఫ్ బల్ల. యాభై ఎనిమిదేళ్ల మనిషి, బూడిదరంగు స్వెటరు, మెడలో గొలుసుకు వేలాడే కళ్లజోడు. అడిగినదానికి మాత్రమే, అడిగినంత మేరకే జవాబు చెప్పే విద్యలో ఆమె ఆరితేరినది. బల్ల మూలన తేదీని, వేళను గుద్దే ఇనపముద్ర యంత్రం ఒకటి ఉన్నది.

"ఈ ఫారాలు నింపేదెవరు?" అన్నది ప్రైబిల్.

"నేనే."

"పంపేది?"

"నేనే. పంపినరోజే కాపీ మీద ముద్ర గుద్ది, స్టేప్లర్‌తో పిన్ను కొట్టి బీరువాలో పెడతాను."

"నిబంధనలు ఎప్పటికప్పుడు మారుతున్నాయి కదా, మీకెలా తెలుస్తాయి?"

"చదువుతాను."

"సంతకం?"

"సంతకం గడిలో ఉంటుంది."

ప్రైబిల్ ఆమెను మూడు సెకన్లు చూసింది. వెర్నా మూడు సెకన్లూ చూడనిచ్చి, మళ్లీ టైపు చేయడం మొదలుపెట్టింది.

లోపల నార్బర్ట్ ట్వీటెన్ ఆసీనుడై ఉన్నాడు. డెబ్బై ఒక్క ఏళ్లు, ఆరుసార్లు వరసగా ఎన్నికైన క్లర్కు. ఆయన వెనక గోడమీద అయిదు జింక తలలు, అంతఃపుర ద్వారపాలకుల్లా, వచ్చినవారిని గాజుకళ్లతో పరీక్షిస్తున్నాయి. ప్రతి తల కింద ఇత్తడి రేకు. ప్రతి రేకుమీద చెక్కిన అక్షరాలు. బల్లమీద ఒక్క కాగితం లేదు. పెన్ను కూడా లేదు. ప్రైబిల్ అది గమనించింది.

"నాకు తెలిసింది లైల్‌కి చెప్పేశాను," అన్నాడు ట్వీటెన్. "మీరు ఎవరి తరఫున వచ్చారో వాళ్లకి నా సానుభూతి చెప్పండి."

"సానుభూతి సంతకంతో సహా ఇస్తారా?"

"అదేమిటమ్మా ఆ మాట?"

"శుక్రవారం సాయంత్రం ఏడు గంటల ఇరవై నిమిషాలకు ఎక్కడున్నారు?"

"చేపల దగ్గర. కౌంటీ అంతా అక్కడే ఉంది."

"నర్సు వచ్చిందా?"

"చాలామంది వస్తారు. నాకు ఓటేసేవాళ్లందరూ పలకరిస్తారు. నాలుగు మెతుకులు తిననివ్వరు."

"మీ చేతికి కాగితం ఇచ్చిందా?"

ట్వీటెన్ కిటికీ వైపు చూశాడు. "ఆ సంతకం నాది కాదు. నా సంతకాలు బీరువాలో ఉన్నాయి. రెండు వందల పన్నెండు. ఏ ఒక్కటి తీసినా అదే."

"అన్నీ మీరే పెట్టారా?"

"మరి ఎవరు పెడతారు?"

"ఇక్కడే, ఈ బల్లమీద?"

"ఇక్కడే. ఈ బల్లమీదే."

ఆ మాట ఆయన అవసరానికి మించిన గట్టిదనంతో అన్నాడు. ప్రైబిల్ దాన్ని పుస్తకంలో రాసుకుని, వేళ కూడా వేసుకున్నది: రెండు గంటల యాభై ఒకటి. తర్వాత లేచి గోడ దగ్గరికి నడిచింది.

"మంచి జంతువులు."

అప్పటిదాకా మూసుకున్న కోట తలుపు ఒక్కసారిగా తెరుచుకున్నది. ట్వీటెన్ ముఖంలోకి వయసు ఇరవై ఏళ్లు వెనక్కి నడిచి వచ్చింది. "ఆ నడిమిది చూడండి. కొమ్ములకి పన్నెండు మొనలు. ఉత్తరాన మా బావమరిది అడవి, కారులో నాలుగు గంటల దారి. తెల్లారినప్పటినుంచి చెట్టుమీద కూర్చున్నాను. కాళ్లు లేవు, చేతులు లేవు, చలికి. మంచు మీద వచ్చి ఇలా నిలబడింది. ఒక్కటే గుండు."

"మీరే కొట్టారా?"

"అదేం ప్రశ్న?"

"కొందరు బావమరిది కొట్టింది గోడకు తగిలిస్తారని విన్నాను."

"అటువంటివాళ్లని మా ఊళ్లో చావుకి కూడా పిలవరు," అన్నాడు ట్వీటెన్. మాట మెత్తగానే ఉన్నది గాని, చెవులు ఎర్రబడ్డాయి. "నలభై నాలుగేళ్లుగా నవంబరులో వేట సీజను తొమ్మిది రోజులూ నేను అడవిలోనే. నా పెళ్లి వాయిదా వేసుకున్నాను గాని సీజను వదల్లేదు. రేకుల మీద తేదీ, గంట చెక్కించింది ఊరికే కాదు."

"ఊరికే కాదు," అని ఒప్పుకున్నది ప్రైబిల్, ఇత్తడి రేకుల్ని ఒక్కొక్కటిగా నకలు చేసుకుంటూ.

తర్వాత ఆమె ఆ గది మూలనున్న బీరువా ముందు నేలమీద కూలబడింది. పొరపాట్లలోకెల్లా ఘనమైన పొరపాటు కుర్చీలో కూర్చుని వెతకడం అని ఆమె సిద్ధాంతం. రెండు వందల పన్నెండు కాపీలు, పంపిన సంవత్సరం వారీగా, పిన్నులతో చెవులు కుట్టించుకుని నిద్రపోతున్నాయి. సంతకాలు నిజంగానే కవలపిల్లల్లా ఉన్నాయి: చిన్నవి, నిటారైనవి, పేర్ల మధ్య పక్కపక్కనున్న రెండు 'టీ' అక్షరాల నెత్తిన ఒకే అడ్డగీత. సంతకమూ, పక్కనున్న తేదీ అంకెలూ ఒకే నీలిసిరా, ఒకే ఒత్తిడి. ఆమె సంతకాల్ని చూడడం మానేసింది. బీమా కంపెనీ ముప్ఫై ఏళ్లలో ఆమెకు నేర్పినది ఒక్కటే: అబద్ధం చెప్పేవాడు సంఘటనను బాగా కల్పిస్తాడు, కాలెండరును మరిచిపోతాడు. ఆమె నవంబరు నెల కాపీల్ని మాత్రం విడిగా తీసి దొంతి పెట్టింది. ముప్ఫై ఒకటి తేలాయి. వాటిలో మూడింటిని జేబు పుస్తకం పక్కన పెట్టి, గడియారం చూసింది. మూడు గంటల నలభై ఎనిమిది.

ఒక కాపీమీది పేరును ఆమె రెండుసార్లు చదివింది. తర్వాత దాన్ని మిగిలినవాటి అడుగున పెట్టింది.

నాలుగింటికి అయిదు నిమిషాల ముందే షెరీఫ్ మనిషి వచ్చాడు. జున్నుముక్కల పొట్లం ఒక చేత్తో, వారంటు ఇంకో చేత్తో పట్టుకున్న పాతికేళ్లవాడు. రెండింటిలో దేన్ని ముందు కింద పెట్టాలో తేల్చుకోలేక గుమ్మంలో ఆగాడు. వోస్‌బర్గ్ జోలీన్‌ను ముందు నడిపించుకుని వచ్చాడు. వెర్నా తన బల్ల దగ్గర టైపు ఆపలేదు.

"ఇంక చాలు, హార్టెన్స్," అన్నాడు వోస్‌బర్గ్. "బీరువా తాళం ఇటివ్వు. అమ్మాయికి కోటు వేసుకోమని చెప్పు."

"నాకు కోటు లేదు," అన్నది జోలీన్. "నాకున్నది అప్పు. దాన్ని వేసుకురమ్మంటావా?"

"నీ నోరు రేపు జడ్జి దగ్గర వాడుకో."

"అయిదు నిమిషాలు," అన్నది ప్రైబిల్. "వారంటులో వేళ నాలుగని ఉంది. ఏమయ్యా, అంతేనా?"

షెరీఫ్ మనిషి వారంటు చూసుకుని తలూపాడు. ఒక జున్నుముక్క నోట్లో వేసుకున్నాడు.

ప్రైబిల్ ట్వీటెన్ బల్లమీద మొదటి కాపీ పరిచింది. "ట్వీటెన్ గారూ. 2018 నవంబరు 20, మంగళవారం. మీరు సంతకం పెట్టారు. పంపినట్టు ముద్ర, పొద్దున్న ఏడు గంటల యాభై నిమిషాలు. మీదేనా?"

"నాదే."

"ఇక్కడే, ఈ బల్లమీద?"

"చెప్పాను కదా."

"మీ ఎడమ చివరి జింక. 2018 నవంబరు 20, మంగళవారం, ఉదయం ఏడు గంటల పది నిమిషాలు. పది మొనలు. ఇక్కడికి నాలుగు గంటల దూరంలో." ఆమె రెండో కాపీ పరిచింది. "2019 నవంబరు 25, సోమవారం, మధ్యాహ్నం మూడున్నర. ఈ బల్లమీద సంతకం. అదే రోజు మూడు నలభైకి, మీ నడిమి జింక మంచుమీద వచ్చి నిలబడింది."

"తర్వాత ఎప్పుడో వచ్చి పెట్టి ఉంటాను."

"కుదరదు. సంతకం ఉన్న కాపీమీదే ఆ రోజు ముద్ర పడింది. సంతకం లేని కాగితాన్ని పంపి, దాని కాపీలోకి తర్వాత సంతకం ఎక్కించే విద్య ఇంకా పుట్టలేదు."

బయటిగదిలో టైపు చప్పుడు ఆగిపోయింది.

"అంటే ఏమిటంటారు?" అన్నాడు ట్వీటెన్.

"నేనేమీ అనను. మీరు ఆ రోజుల్లో ఈ బల్లదగ్గర ఉన్నారని లైల్‌తో చెప్పారు, నాతో చెప్పారు, ఇంకాసేపట్లో ఈ అబ్బాయికి ప్రమాణం చేసి చెబుతారు. చాలా మంచిది. అప్పుడు నాకు ఒక్కటే సందేహం మిగులుతుంది." ఆమె గోడవైపు తిరిగింది. "ఈ జింకల్ని కొట్టింది ఎవరు? ఇంకొకడు కొట్టినదాన్ని మీ పేరున నమోదు చేయించడం ఈ విస్కాన్సిన్ రాష్ట్రంలో నేరం కూడా అనుకుంటాను. ఏమయ్యా?"

"నేరమేనండి," అన్నాడు షెరీఫ్ మనిషి, జీవితంలో మొదటిసారిగా ఈ కేసులో ఆసక్తి పుట్టినవాడిలా. పొట్లం కింద పెట్టాడు.

చరిత్రలో మహావీరులు కీర్తికి, ప్రాణానికి మధ్య ఎటు మొగ్గాలో తేల్చుకోలేక తపించిన ఘట్టాలు కవులు వర్ణించి ఉన్నారు. నార్బర్ట్ ట్వీటెన్ తపించిన కాలం పదకొండు సెకన్లు. ఒక వైపు ఆరు ఎన్నికలు, ఏడో ఎన్నిక, ఫించను, రెండు వందల పన్నెండు సంతకాల పరువు. ఇంకో వైపు పన్నెండు మొనలు. ఆయన కళ్లు ఒకసారి గోడమీదికి పోయి వచ్చాయి.

"జింకలు నావి," అన్నాడు.

"మరి సంతకాలు?"

"జింకలు అయిదూ నావి. నా గుండు, నా తుపాకీ. అడగండి మా బావమరిదిని." గొంతు దిగింది. "సంతకాలు నేను పెట్టలేదు. ఏడేళ్లలో ఒక్కటీ పెట్టలేదు. ఆ ఫారాలు నెలకో రకంగా మారుతుంటే నాకు తల తిరిగిపోయేది. మొన్న శుక్రవారం చేపల దగ్గర పెట్టిందే నాది."

జోలీన్ గోడకు ఆనుకుంది. "బుధవారం నా మొహం చూసి కాదన్నావు."

"అవునంటే మిగతావన్నీ ఏమవుతాయమ్మా?"

"నేను జైలుకి పోయేదాన్ని."

"నిజమే," అన్నాడు ట్వీటెన్.

వెర్నా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. కళ్లజోడు తీసి గొలుసుకు వదిలేసింది. "ఏడేళ్ల కిందట ఆయన, 'వెర్నా, ఆ కాగితాలు నువ్వే చూసుకో' అన్నారు. చూసుకున్నాను. నేను చూసుకున్నవి ఒక్కటి కూడా తిరిగి రాలేదు."

వోస్‌బర్గ్ నవ్వుతున్నాడు. ఓడిపోయినవాడి నవ్వు కాదు. చిన్న చేపకు గాలం వేసి తిమింగలాన్ని లాగినవాడి నవ్వు. "సరే, నర్సు సంతకం అసలుది. ఒప్పుకున్నాను. రెండు వందల పన్నెండు దొంగవి. ఇది ఇంకా బాగుంది. ఇప్పుడే పైకి రాస్తాను. ప్రతి మాఫీ రద్దవుతుంది. ప్రతి టీచరూ, ప్రతి అగ్నిమాపకంవాడూ మళ్లీ మొదటి వాయిదానుంచి మొదలుపెడతారు. నా పేరు పత్రికల్లో పడుతుంది. నీకు ధన్యవాదాలు, హార్టెన్స్. ఎప్పటిలాగే నీ నివేదిక, నా పేరు."

"నీ పేరు పడుతుంది," అన్నది ప్రైబిల్. "చూపిస్తాను, ఉండు." దొంతి అడుగునుంచి మూడో కాపీ తీసి ఆయన చేతిలో పెట్టింది. "2021 నవంబరు 23, మంగళవారం. పొద్దున్న ఎనిమిది నలభైకి ముద్ర. ఎనిమిది అయిదుకి కుడి చివరి జింక పడింది. పైన పేరు చదువు. నాకు కళ్లజోడు లేదు."

ఆమె కళ్లజోడు ముక్కుమీదే ఉన్నది. వోస్‌బర్గ్ చదవలేదు. చదవవలసిన అవసరం లేదు. అది ఆయన ఫారమే. రాత్రి కళాశాలలో లా చదవడానికి చేసిన అప్పు, తొంభై ఒక్క వేలు, రెండేళ్ల కిందట మాఫీ అయిన అప్పు, ఆ నిటారైన నీలిసంతకం మీద నిలబడి ఉన్నది.

"నాకు తెలియదు," అన్నాడు.

"ఎవరికీ తెలియదు, లైల్. దేశంలో ఎవరికీ ఏదీ తెలియదు. అందరూ గడిలో సంతకం ఉందా లేదా అన్నది చూస్తారు."

"నువ్వు నన్ను బెదిరిస్తున్నావు."

"నేను నీ వెనకాల ఉన్న గడియారం చూస్తున్నాను. నాలుగు పదహారు. అయిదింటికి ఈ అమ్మాయి ఇరవై రెండు నెలలు పోతాయి. పైకి రాయాలంటే రాయి, నేను ఆపను. రాస్తే మొదటి పేరు నీదే రాయి. నేను అక్షరక్రమం కూడా అడగను."

వోస్‌బర్గ్ షెరీఫ్ మనిషిని చూశాడు. షెరీఫ్ మనిషి జింకల్ని చూస్తున్నాడు. తనిఖీ అధికారి చివరికి వారంటు తీసుకుని, అడ్డంగా ఒక గీత గీసి, 'ఫిర్యాదు ఉపసంహరించుకోవడమైనది' అని రాసి, తన సంతకం పెట్టాడు. అది స్వహస్తమే. అయిదుగురు చూశారు. ప్లాస్టిక్ సంచిని బల్లమీదికి విసిరాడు.

"నూనె మరక ఉంది. దాన్ని వాళ్లు తీసుకోరు," అన్నాడు.

"కొత్తది తెండి," అన్నది ప్రైబిల్.

వెర్నా ఖాళీ ఫారం తెచ్చింది. జోలీన్ పేరు, సంఖ్యలు తనే నింపింది. ట్వీటెన్ పెన్ను కోసం సొరుగులన్నీ వెతికి, దొరక్క, షెరీఫ్ మనిషి దగ్గర అడిగి తీసుకున్నాడు. నాలుకను పళ్లమధ్య బిగించి, పెద్దది, వంకరది, గడి దాటి పాకేది ఒక సంతకం గీశాడు. అది మొదటి ఫారంమీదిదానికి అచ్చమైన తోబుట్టువు.

"తేదీ," అన్నది వెర్నా.

"తేదీ కూడా వేయాలా?"

"ఏడేళ్లుగా వేస్తున్నాను."

ఆయన తేదీ వేశాడు. నాలుగు గంటల ముప్ఫై మూడు. షెరీఫ్ మనిషి సాక్షిగా కింద పొడి అక్షరాలు రాశాడు. ప్రైబిల్ ముప్ఫై ఏళ్ల వృత్తిలో ఇటువంటి ఘడియలు మూడో నాలుగో ఎరుగును: ప్రత్యర్థి గోడకు తిరిగి నిలబడ్డాడు, అపరాధి తలవంచాడు, అమాయకురాలి చేతిలో న్యాయం తడి ఆరని సిరాతో ఉన్నది. ఆమె కోటు గుండీలు పెట్టుకున్నది. జోలీన్ ఫారంతో బయటిగదిలోకి నడిచి, ఫ్యాక్స్ యంత్రం ముందు నిలబడి, కాగితం దోపబోయింది.

"అది పంపకండి," అన్నది వెర్నా.

జోలీన్ తిరిగి చూసింది. "ఇంకొక్క మాట అన్నావంటే ఈ యంత్రం తీసి నీ నెత్తిన వేస్తాను."

"రెండు ఫారాలు చేరితే అక్కడ గందరగోళపడతారు. మీది నేను పోయిన నెల పద్నాలుగునే పంపాను."

ప్రైబిల్ కోటు గుండీలు మళ్లీ విప్పింది.

"కొత్త లెక్క వస్తోందని చదివాను," అన్నది వెర్నా. "ఎవరెవరికి నూట ఇరవై పూర్తవుతాయో చూశాను. మీకొక్కరికే. అందుకని నింపి, పెట్టి, పంపేశాను. మంగళవారం పొద్దున్న ఏడింటికి మాఫీ ఆఫీసుకి ఫోన్ చేసి కనుక్కున్నాను, ఆ వేళకి లైన్లో జనం తక్కువ. మాఫీ అయిపోయింది. మీ ఖాతా కొత్త కంపెనీకి మారింది కదా, అందులో ఇంకా కనపడదు."

"నింపి, పెట్టి అంటే," అన్నది ప్రైబిల్ నెమ్మదిగా, "సంతకం?"

"ఎప్పుడూ పెట్టేదే."

జోలీన్ చేతిలో, ఏడేళ్లలో ఆ కౌంటీ క్లర్కు నిజంగా పెట్టిన రెండో సంతకం ఫ్యాక్స్ యంత్రం పెదవిమీద ఆగి ఉన్నది. ఆమె అప్పును తుడిచింది మాత్రం రెండు వందల పదమూడో అబద్ధం. వోస్‌బర్గ్ గోడవైపునుంచి మెల్లగా ఇటు తిరిగాడు.

"బీరువా అంతా చూశాను," అన్నది ప్రైబిల్. "ఆ కాపీ లేదు."

"లేదు," అన్నది వెర్నా. "స్టేప్లర్‌లో పిన్నులు అయిపోయాయి."